రోజూ మనకు మనం వేసుకునే ప్రశ్నల్ని విభాగాలుగా ఎలా సర్దాలి?

తాటిబెల్లం
మైగ్రేన్ కోసమని మొదలుపెట్టిన నా రోజువారీ గూగుల్ ఫామ్ పెరిగి పెరిగి డెబ్బై ప్రశ్నల దగ్గరికొచ్చింది. మొదట్లో తలనొప్పి వచ్చిందా లేదా, ఎంతసేపుంది, ఏ మాత్ర వేసుకున్నా, అంతే. తర్వాత డాక్టరుగారు నిద్ర కూడా రాయమన్నారు. దాని వెనకే కాఫీ, నీళ్ళు, ఎండ, నెలసరి, ఆఫీసు ఒత్తిడి, చివరికి ఖర్చులు కూడా వచ్చి చేరాయి.

ఇప్పుడు వీటిని విషయాలవారీగా విడగొడదామని కూర్చున్నా. శరీరం, మనసు, తిండి, నిద్ర, పని, డబ్బు, ఇల్లు అని ఏడు పెట్టా. సగం ప్రశ్నలు ఎక్కడా కుదురుకోవట్లేదు. "లేవగానే తల బరువుగా ఉందా?" అన్నది నిద్రలో పెట్టాలా, శరీరంలో పెట్టాలా? "సాయంత్రం ఆకలేసి తిన్నానా, ఊరికే తిన్నానా?" తిండా, మనసా? బయట నుంచి తెప్పించుకున్న బిర్యానీ ఖర్చు తిండి కింద రాయాలా, డబ్బు కిందా?

రెండుచోట్లా పెడితే ఒకే సంగతికి రెండుసార్లు జవాబు రాయాలి. ఒకచోటే పెడితే నెలాఖరున చూసుకున్నప్పుడు రెండో విభాగంలో ఆ సంగతే కనబడదు. మీలో ఇలాంటివి రాసుకునేవాళ్ళు ఎలా సర్దుకున్నారో చెప్పండి.

నైట్‌షిఫ్ట్_నాని
డెబ్బయ్యా! రోజూనా?

తాటిబెల్లం
అన్నీ రోజూ కాదు. కొన్ని వారానికోసారి, కొన్ని నెలకోసారి. కానీ అన్నీ ఒకే ఫామ్‌లో ఉన్నాయి.

పచ్చిమిర్చి
తలనొప్పికి ఫామ్ పెడితే ఫామే తలనొప్పి అయినట్టుంది అక్కా. ముందు యాభై తీసిపారెయ్యండి, అప్పుడు విభాగాల అవసరమే ఉండదు. నేను రాసేవి మూడే. ఎంతసేపు పడుకున్నా, ఎంతసేపు నడిచా, కోపం వచ్చిందా. మూడింటికి విభాగాలేంటి?

వార్డునర్సు
పచ్చిమిర్చి గారు, మీకు జబ్బు లేదు కాబట్టి మూడు సరిపోయాయి. షుగరు, బీపీ, మైగ్రేన్ ఉన్నవాళ్ళకి మూడుతో ఎలా అవుతుంది? మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో పుస్తకంలో రాసుకొచ్చేవాళ్ళని చూస్తే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే ఆ పుస్తకంలో షుగరు రీడింగు, పాలవాడి లెక్క, మనవడి స్కూలు ఫీజు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. డాక్టరుగారికి ఉన్న ఐదు నిమిషాల్లో ఏం వెతుక్కుంటారు? అందుకే విభాగాలు కావాలి.

పచ్చిమిర్చి
పాలవాడి లెక్క పక్కన షుగరు రీడింగు ఉంటే కాఫీ ఎన్నిసార్లు తాగారో కూడా తెలుస్తుంది కదా.

లెక్కలమాస్టారు
పచ్చిమిర్చి సరదాకే అన్నా అందులో విషయం ఉంది, దానికి తర్వాత వస్తా.

అమ్మా తాటిబెల్లం, ఇక్కడ రెండు వేరువేరు పనులు కలిసిపోయాయి. ప్రశ్నలు ఏ వరసలో అడగాలన్నది ఒక పని. వచ్చిన జవాబు ఏ లెక్కలోకి వెళ్ళాలన్నది ఇంకో పని. విభాగాలు కావాల్సింది రెండోదానికి. మొదటిదానికి వాటితో పెద్దగా పనిలేదు.

నిద్ర మీద ప్రపంచమంతా వాడే పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి ఒకటుంది. 1989లో వచ్చింది. మనిషి తనంతట తాను జవాబిచ్చే ప్రశ్నలు 19, అన్నీ గడిచిన నెల గురించి. ఆ 19 జవాబుల్నీ 7 భాగాలుగా లెక్కగడతారు. ఒక్కో భాగానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. ఎక్కువ వస్తే నిద్ర అంత పాడైనట్టు. 5 దాటితే నిద్ర బాగాలేదని లెక్క. అయితే ప్రశ్నలు ఆ 7 భాగాల వరసలో ఉండవు. పడుకోవడానికి వెళ్ళింది ఎన్నింటికి, నిద్రపట్టడానికి ఎంతసేపు, లేచింది ఎన్నింటికి, నిజంగా నిద్రపోయింది ఎన్ని గంటలు అని రాత్రి గడిచిన వరసలోనే అడుగుతారు. తర్వాత ఒకటోది, మూడోది, నాలుగోది కలిపితే మంచం మీదున్న సమయంలో ఎంత శాతం నిద్రపోయారో తేలుతుంది. అది ఒక భాగం. ఆ నాలుగో జవాబే మళ్ళీ ఒంటరిగా ఇంకో భాగంలోకి వెళ్తుంది. రెండోదేమో కింద ఉన్న "అరగంటలోపు నిద్రపట్టలేదా?" అన్నదాంతో జతకలిసి మరో భాగమవుతుంది.

అంటే ఒకసారి అడిగారు, ఆ జవాబును రెండుచోట్ల వాడుకున్నారు. నింపేవాళ్ళకి ఈ సంగతే తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మీ "తల బరువు" ప్రశ్నకీ అదే దారి. ఫామ్‌ను రోజు గడిచే వరసలో పెట్టండి. విభాగాలు షీట్‌లో పెట్టుకోండి.

తాటిబెల్లం
మాస్టారూ, సగం చిక్కు అక్కడే విడిపోయింది. షీట్‌లో విభాగాలు పెట్టడమంటే కాలమ్‌లన్నీ అటూ ఇటూ జరపాలా?

డాలస్_డైరీ
అక్కర్లేదండీ. జవాబులొచ్చే షీట్‌ని అసలు ముట్టుకోవద్దు. దాని పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి ప్రశ్నల పట్టిక రాసుకోండి. ఒక్కో వరసకి ఒక్కో ప్రశ్న. కాలమ్‌లు ఇలా: ప్రశ్న కోడ్, ప్రశ్న, ప్రధాన విభాగం, రెండో విభాగం ఏదైనా ఉంటే అది, ఎప్పుడు అడగాలి, ఎవరికి చూపించొచ్చు. ఫామ్‌లో ప్రశ్న ముందే ని04, తి11 అని కోడ్ తగిలించండి. ఆ పేరే జవాబుల షీట్‌లో కాలమ్ తలమీద వస్తుంది. ఫామ్‌లో ప్రశ్నల వరస ఎన్నిసార్లు మార్చినా పాత జవాబులు చెదరవు.

చివరి కాలమ్ ఎందుకంటే, మా నాన్నగారు విజయవాడలో ఉంటారు, నేను ఇక్కడ. ఆయన బీపీ, షుగరు, మందులు నేను చూస్తా. ఆయన రోజూ ఏం చేశారు, ఎవరితో మాట్లాడారు, డబ్బు ఎవరికిచ్చారు అన్నవి కూడా ఆయన రాసుకుంటారు, అవి నేను చూడను. విషయాన్ని బట్టి విడగొట్టినప్పుడు ఈ సరిహద్దు దానంతటదే రాలేదు. "మందులకి ఎంత ఖర్చయింది" అన్నది డబ్బు విభాగంలో ఉండిపోయి నాకు కనబడలేదు. ఎవరికి చూపించాలి అన్నది కూడా ఒక వర్గీకరణే.

వార్డునర్సు
ఈ మాట బంగారం. అమ్మాయిలు నెలసరి వివరాలు రాసుకునే షీట్‌ని ఇంట్లో అందరికీ లింక్ పంపేసి తర్వాత బాధపడటం చూశా.

నైట్‌షిఫ్ట్_నాని
రోజు గడిచే వరసలో అన్నారు కదా మాస్టారు, నా రోజు ఎక్కడ మొదలవుతుందో నాకే తెలీదు. గచ్చిబౌలిలో సాయంత్రం ఆరున్నరకి లాగిన్, తెల్లారుజామున మూడున్నరకి లాగౌట్. "ఈ రోజు ఎన్ని కాఫీలు?" అంటే పన్నెండు ముందు తాగినవి ఒక తేదీలో, తర్వాతవి ఇంకో తేదీలో పడతాయి. నిద్ర విభాగం ఒక రోజు ఖాళీ, మర్నాడు పదమూడు గంటలు చూపిస్తుంది.

సర్వే_బాబాయ్
నానీ, దీనికి సర్కారు వాళ్ళు ఎప్పుడో దారి వేశారు. 2019లో దేశం మొత్తమ్మీద మొదటిసారి కాల వినియోగ సర్వే చేశారు, జనవరి నుంచి డిసెంబరు వరకు. ఆరేళ్ళు పైబడిన ప్రతి ఒక్కరూ 24 గంటలు ఏం చేశారో అరగంట గళ్ళలో రాస్తారు. ఆ 24 గంటలు అర్ధరాత్రి మొదలవవు. నిన్న తెల్లారుజామున 4 నుంచి ఇవాళ తెల్లారుజామున 4 దాకా. ఆ గంటకి ఎక్కువమంది నిద్రలో ఉంటారు, గీత గీస్తే పని మధ్యలో తెగదు. నీకు పొద్దున తొమ్మిదికి గీత గీసుకో, పదికి గీసుకో, నువ్వు గాఢనిద్రలో ఉండే గంట చూసుకో. ఒకసారి గీశాక మాత్రం మార్చకు.

నైట్‌షిఫ్ట్_నాని
బాబాయ్ నువ్వు కేక. పదికి ఫిక్స్.

సర్వే_బాబాయ్
ఇంకో సంగతి, అమ్మాయి అడిగిన అసలు ప్రశ్నకి. ఆ సర్వేలో పనుల్ని 9 పెద్ద విభాగాలుగా చేస్తారు. ఉద్యోగం, సొంతానికి వస్తువులు చేసుకోవడం, జీతం లేని ఇంటిపని, ఇంట్లో వాళ్ళని చూసుకోవడం, స్వచ్ఛంద పని, చదువు, నలుగురితో కలవడం - పూజలు, వినోదం - ఆటలు, సొంత ఒంటి అవసరాలు. జవాబు చెప్పేవాళ్ళకి ఈ తొమ్మిదీ చూపించరు. "పొయ్యిమీద పప్పు పడేసి పిల్లాడికి ఎక్కాలు చెప్పా" అని వాళ్ళ మాటల్లో చెప్తారు. ఏ కోడ్ పడాలన్నది రాసేవాడి పని. ఒకే గడిలో రెండు మూడు పనులుంటే, పది నిమిషాలు దాటినవన్నీ రాసి, అందులో ముఖ్యమైనది ఏదో ఆ మనిషినే అడుగుతాం.

అందుకని నా సలహా మాస్టారి సలహాకి కొంచెం ఎడం. ప్రశ్నలకి ముందే విభాగం అంటించకు. మాటల్లో రాసుకో, వారం చివర కూర్చుని విభాగాలు వెయ్యి.

లెక్కలమాస్టారు
బాబాయ్ గారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. మీ దగ్గర చెప్పేవాళ్ళు వేరు, కోడ్ వేసేవాళ్ళు వేరు. పైగా కోడ్ ఎలా వెయ్యాలో పుస్తకం ఉంది. ఇక్కడ రెండు పనులూ ఒక్కరే చెయ్యాలి. వారం చివర తలనొప్పి రోజులు కళ్ళముందు కనిపిస్తుంటే, ఆ ముందు రోజు రాసిన "కాస్త చిరాకు" అన్న మాటకి ఒత్తిడి కోడ్ పడుతుంది. తలనొప్పి రాని వారంలో అదే మాట మామూలుగా వదిలేస్తాం. ఫలితం చూశాక విభాగం వేస్తే విభాగం ఫలితం వైపే మొగ్గుతుంది. సొంత లెక్కల్లో విభాగం ముందే ఖాయం కావాలి.

సర్వే_బాబాయ్
సరే, అది నిజమే. కానీ ముందే ఖాయం చేస్తే అనుకోనిది ఎక్కడ రాస్తారు? నా తరపున ఒక్క రాజీ: చివర్లో "ఇంకేమైనా" అని ఖాళీ గడి ఒకటి ఉంచండి. నెలకోసారి అది చదవండి. ఒకే మాట పదేపదే వస్తుంటే అప్పుడు దానికి కొత్త ప్రశ్న.

లెక్కలమాస్టారు
దానికి సై.

పచ్చిమిర్చి
పెద్దలిద్దరూ కలిశారు, మిఠాయి పంచండి. మైగ్రేన్ నొప్పిని రేపే ట్రిగ్గర్ కాని మిఠాయి చూసి పంచండి.

కంటిమెరుపు
మిఠాయి మాట వచ్చింది కాబట్టి చెప్తా, ఇది ముఖ్యం. నాకూ మైగ్రేనే, మెరుపులు కనబడే రకం. నేను పెట్టుకున్న విభాగం పేరు "కారణాలు". అందులో చాక్లెట్, తీపి, ఆవులింతలు, మెడ పట్టేయడం. కొన్నాళ్ళకి లెక్క చూస్తే చాక్లెట్ తిన్న మర్నాడే ఎక్కువసార్లు నొప్పి. చాక్లెట్ మానేశా, నొప్పి మాత్రం తగ్గలేదు. న్యూరాలజిస్టు చూసి చెప్పారు: నొప్పి రావడానికి గంటల ముందే, ఒక్కోసారి ఒకట్రెండు రోజుల ముందే, మెదడులో మార్పు మొదలవుతుందట. ఆ దశలోనే తీపి తినాలనిపించడం, ఆవులింతలు రావడం, మెడ పట్టెయ్యడం ఉంటాయి. అంటే తీపి తినడం వల్ల నొప్పి వచ్చిందో, రాబోయే నొప్పి వల్లే తీపి తినాలనిపించిందో నా షీట్ చెప్పలేదు. విభాగం పేరే "కారణాలు" అని పెట్టేసరికి నేను మొదటిదే నమ్మా.

ఇప్పుడు నా విభాగాల పేర్లలో కారణం, ఫలితం లాంటి మాటలే లేవు. తిన్నవి, ఒంట్లో అనిపించినవి, చేసిన పనులు, బయటి వాతావరణం. చూసింది చూసినట్టు. ఎందుకు అన్నది డాక్టరుతో కూర్చున్నప్పుడు చూసుకుంటా.

తాటిబెల్లం
అయ్యో, నా తిండి విభాగం లోపల "ట్రిగ్గర్లు" అని ఉపవిభాగమే ఉంది. ఇప్పుడే తీసేస్తున్నా. చాలా థాంక్స్ కంటిమెరుపు గారు.

వార్డునర్సు
కంటిమెరుపు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. మాత్రలు వేసుకున్న రోజుల్ని మాత్రం వేరే విభాగంగా తప్పకుండా పెట్టండి, తలనొప్పి కింద కలపకండి. పారాసిటమాల్ లాంటి మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, మైగ్రేన్‌కి ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ రకం 10 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు. లెక్కపెట్టాల్సింది మాత్రల్ని కాదు, వేసుకున్న రోజుల్ని. నడుంనొప్పికి వేసుకున్న మాత్రైనా ఆ లెక్కలోకే వస్తుంది. తలనొప్పి విభాగంలో మాత్రమే "మాత్ర వేసుకున్నారా?" అని ఉంటే నడుంనొప్పి రోజు ఆ ప్రశ్నే రాదు.

తాటిబెల్లం
ఆ కోణం ఎప్పుడూ తట్టలేదు. "మందులు" ఎనిమిదో విభాగం.

మెంతికూర
ఇదంతా చదువుతుంటే నా షుగర్ పుస్తకం గుర్తొస్తోంది. అమ్మకి రాసేటప్పుడు తిండి ఒక పేజీలో, రీడింగు ఒక పేజీలో రాస్తున్నా. కలిపి చూడాలంటే పేజీలు తిప్పుకోవాల్సి వస్తోంది. వార్డునర్సు అక్కా, ఎలా రాయాలి?

వార్డునర్సు
రీడింగుతో పాటు ఉండాల్సిన సంగతి రీడింగు పక్కనే ఉండాలమ్మా, విభాగం ఏదైనా సరే. షుగరు 180 అని ఒక్క అంకె రాస్తే అది పరగడుపునా, తిన్నాకా? తిన్నాక అయితే తినడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలైందా? ఆ రోజు ఇడ్లీనా, పూరీనా? ఈ మూడూ ఆ అంకె పక్కనే రాయి. బీపీ కూడా అంతే. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక చూశారా, అరగంట ముందు కాఫీ తాగారా, చెయ్యి గుండె ఎత్తులో ఉందా. కాఫీ తిండి విభాగమే కావచ్చు, కానీ బీపీ రీడింగు దగ్గర మళ్ళీ అడగాలి. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాయి.

మెంతికూర
అమ్మ మొదటిది ఎక్కువొస్తే "మిషన్ బాలేదు" అని చెరిపేయమంటుంది.

వార్డునర్సు
చెరపొద్దు. రెండూ ఉంచు. డాక్టరు సగటు చూసుకుంటారు.

లెక్కలమాస్టారు
పచ్చిమిర్చి పాలవాడి లెక్కలో ఉన్న విషయం ఇదే. ఏ రెండిటిని కలిపి చదవాలో అవి అడిగేటప్పుడు పక్కపక్కన ఉండాలి. వర్గీకరణ దానికి అడ్డం రాకూడదు.

పచ్చిమిర్చి
చూశారా. మూడు ప్రశ్నల మనిషైనా మాస్టారి దగ్గర మార్కులు తెచ్చుకున్నాడు.

సీతాకోక
మనసు విభాగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నేను కౌన్సెలింగ్ రంగంలో ఉన్నా. చాలామంది పీహెచ్‌క్యూ-9 అనే కుంగుబాటు (డిప్రెషన్) కొలత ప్రశ్నల్ని తెచ్చి ముక్కలు చేస్తున్నారు. అందులో మూడోది నిద్ర గురించి, నాలుగోది నీరసం, ఐదోది ఆకలి. కాబట్టి మూడోదాన్ని నిద్ర విభాగంలోకి, ఐదోదాన్ని తిండిలోకి తోసేసి మిగిలినవి మనసులో ఉంచుతారు. అలా చెయ్యకండి. ఆ తొమ్మిదీ కలిసి ఒకటే కొలత. గడిచిన రెండు వారాల గురించి అడుగుతాయి, ఒక్కోటి 0 నుంచి 3, మొత్తం 27. విడగొడితే ఆ మొత్తానికి అర్థం ఉండదు. రోజూ అడిగినా అర్థం ఉండదు, రెండు వారాల ప్రశ్న రోజూ ఎలా అడుగుతాం?

డబ్ల్యూహెచ్‌ఓ-5 అని మనసు ఎంత బాగుందో కొలిచేది ఇంకోటుంది, ఐదే ప్రశ్నలు, అదీ రెండు వారాలదే. ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి లెక్క వస్తుంది. ఇలా తయారై వచ్చిన కొలతల్ని ఒక కట్టగానే, ఒక విభాగంగానే ఉంచండి. సొంత ప్రశ్నల్ని ఎలా కావాలంటే అలా సర్దుకోండి.

ఇంకొక్కటి, ఇది చాలా ముఖ్యం. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదోది చచ్చిపోతే బాగుండు, నన్ను నేను గాయపరుచుకోవాలి అన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా షీట్‌లో పెట్టి ఊరుకోవద్దు. అప్పుడే ఎవరితోనైనా మాట్లాడాలి. సర్కారు వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ.

నైట్‌షిఫ్ట్_నాని
ఈ నంబర్ సేవ్ చేసుకున్నా. మా టీమ్ గ్రూపులో కూడా పెడతా.

మెంతికూర
సీతాకోక గారూ, మనసు ప్రశ్నలు ఫామ్‌లో మొదట పెట్టాలా, చివరా?

సీతాకోక
నా అనుభవంలో మొదట. నొప్పులు, అప్పులు, గొడవలు అన్నీ వరసగా రాశాక "మనసెలా ఉంది?" అంటే అప్పుడే గుర్తుచేసుకున్న బాధే జవాబవుతుంది. ముందడిగిన ప్రశ్న నీడ తర్వాతి జవాబు మీద పడుతుంది. మొదటే ఒక్క ప్రశ్న అడిగెయ్యండి, మిగతా వివరాలు తర్వాత.

పాతపుస్తకం
ఈ వరస గొడవ 18వ శతాబ్దంలోనే ఒకాయన పట్టించుకున్నాడు. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. తనలో ఉండాల్సిన గుణాలు 13 రాసుకుని చిన్న పుస్తకం చేసుకున్నాడు. గుణానికో పేజీ, వారానికి ఏడు నిలువు గళ్ళు, పదమూడు అడ్డ గీతలు. తప్పు జరిగిన చోట నల్లచుక్క. వారానికి ఒక గుణం మీద ప్రత్యేకంగా దృష్టి. పదమూడు వారాల్లో ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. ఇదంతా ఆయన ఆత్మకథలో ఉంది.

నాకు నచ్చింది ఆ పదమూడింటి వరస. మితంగా తినడం, తాగడం మొదట పెట్టాడు. అది కుదిరితే బుర్ర తేటగా ఉంటుంది, అప్పుడు మిగతావి తేలికవుతాయని. అంటే ఒకదాని మీద ఒకటి ఆధారపడే వరస. విషయాన్ని బట్టి కాదు, దేనివల్ల ఏది సులువవుతుందో దాన్ని బట్టి. వీటితో పాటు పొద్దునకి ఒక ప్రశ్న, రాత్రికి ఒక ప్రశ్న వేరుగా: ఇవాళ ఏం మంచి చెయ్యాలి, ఇవాళ ఏం మంచి చేశాను.

పచ్చిమిర్చి
పదమూడు! నా మూడుకి పక్కన ఒకటి పెడితే చాలు, దగ్గరగానే ఉన్నా.

కంటిమెరుపు
వారానికి ఒకదాని మీద దృష్టి అన్నది బాగుంది. మనం అన్ని విభాగాల్నీ ఒకేసారి లోతుగా అడగబట్టే డెబ్బై అవుతున్నాయి. విభాగానికి ఒక్క ప్రశ్న రోజూ ఉంచి, లోపలి ప్రశ్నలు వంతులవారీగా అడిగితే?

డాలస్_డైరీ
గూగుల్ ఫామ్‌లోనే చెయ్యొచ్చు. సెక్షన్లుగా విడగొట్టి, "తలనొప్పి వచ్చిందా?" అన్నదానికి అవును అంటే నొప్పి సెక్షన్‌కి, కాదు అంటే నేరుగా తర్వాతదానికి వెళ్ళేలా పెట్టొచ్చు. నొప్పిలేని రోజు ఆ డజను ప్రశ్నలు కనబడవు.

సర్వే_బాబాయ్
అమ్మాయ్, నీ "ఇల్లు" విభాగంలో ఏమేం ఉన్నాయి?

తాటిబెల్లం
అత్తగారితో మాటలు, వంట, అంట్లు, బాబు హోంవర్క్, పనిమనిషి రాని రోజులు, ఆదివారం చుట్టాలు. ఎందుకు బాబాయ్?

సర్వే_బాబాయ్
అదే అనుకున్నా. దాన్ని పగలగొట్టు. 2019 సర్వేలో జీతం లేని ఇంటిపని చేసినవాళ్ళు దాని మీద పెట్టిన సమయం రోజుకి సగటున ఆడవాళ్ళు 299 నిమిషాలు, మగవాళ్ళు 97. ఇంటిపనికి విడిగా ఒక విభాగం ఉండబట్టే ఈ అంకె బయటికొచ్చింది. "ఇల్లు" అని ఒకే సంచీలో వేస్తే ఐదుగంటల చాకిరీ, అరగంట కబుర్లు ఒకే బరువుతో కనబడతాయి. నీ "పని" విభాగంలో ఆఫీసు గంటలే ఉన్నాయి కదా? వంట కూడా పనే. దాన్ని నిమిషాల్లో రాయి, "ఇవాళ ఇంట్లో బిజీ" అని రాయకు.

తాటిబెల్లం
నిజమే. ఆదివారాలు నొప్పి ఎందుకు ఎక్కువో అర్థం కావట్లేదని డాక్టరుగారితో అన్నా. నా షీట్‌లో ఆదివారం "పని: 0" అని ఉంటుంది. ఆ రోజే చుట్టాలొస్తారు, పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉంటా. ఆదివారం ఆలస్యంగా లేస్తా కూడా, కాఫీ ఆలస్యమవుతుంది. ఇవన్నీ మూడు వేరువేరు విభాగాల్లో ఉండిపోయాయి.

కంటిమెరుపు
కాఫీ ఆలస్యం కూడా రాయండి, ఎన్ని కప్పులో ఒక్కటే కాదు, మొదటి కప్పు ఎన్నింటికో. రోజూ తాగేవాళ్ళకి టైం తప్పినా తలనొప్పి రావచ్చు.

మెంతికూర
ఇంకో సందేహం. 0 నుంచి 10 అని పెట్టినప్పుడు నిద్రకి 10 అంటే బాగా పట్టినట్టు, నొప్పికి 10 అంటే భరించలేనట్టు. నేను రోజూ తికమక పడుతున్నా.

లెక్కలమాస్టారు
ఒక విభాగం లోపల దిశ మారకూడదు. నిద్ర విభాగంలో అన్నిటికీ పెద్ద అంకె మంచిదైతే అన్నిటికీ అంతే. నొప్పి విభాగంలో పెద్ద అంకె చెడ్డదైతే అన్నిటికీ అంతే. రెండు చివరలా మాటలు రాసి పెట్టండి, "అసలు లేదు", "భరించలేను" అని. ఫామ్‌లో ఆ సదుపాయం ఉంది.

తాటిబెల్లం
ఇప్పటిదాకా తేలింది చెప్తా, తేడా ఉంటే అనండి. ఫామ్ రెండు: పొద్దునది, రాత్రిది. రాత్రిదానిలో మొదటి ప్రశ్న మనసు. నొప్పి ప్రశ్నలు అవునంటేనే తెరుచుకుంటాయి. మందులు విడిగా, రోజుల లెక్కతో. ఇల్లు మూడుగా చీలింది: ఇంటిపని నిమిషాల్లో, బాబుని చూసుకోవడం నిమిషాల్లో, మనుషులు. "ట్రిగ్గర్లు" ఎగిరిపోయాయి. బిర్యానీ ప్రధాన విభాగం తిండి, రెండో విభాగం డబ్బు. తల బరువు ప్రధానంగా శరీరం, అడిగేది మాత్రం పొద్దున నిద్ర ప్రశ్నల పక్కన. రోజువారీవి ఇరవై లోపుకి దిగాయి.

పచ్చిమిర్చి
ఇరవైకి తెచ్చారు కాబట్టి నేను కూడా నాలుగోది మొదలుపెడతా. నీళ్ళు.

లెక్కలమాస్టారు
బాగుంది. ఒక్కటి మిగిలింది. నొప్పి గట్టిగా వచ్చిన రోజు మీరు ఫామ్ నింపుతున్నారా?

తాటిబెల్లం
లేదు మాస్టారూ. ఆ రోజు ఫోన్ వెలుతురే చూడలేను. గది చీకటి చేసుకుని పడుకుంటా. ఆ రోజులు ఖాళీగానే ఉంటాయి.

లెక్కలమాస్టారు
అయితే మీ షీట్‌లో అన్నిటికన్నా పెద్ద నొప్పులే లేవు. నెల సగటు ఎప్పుడూ ఉన్నదానికన్నా మెరుగ్గా చూపిస్తుంది, డాక్టరుగారు దాన్ని చూసే మందు నిర్ణయిస్తారు. ఖాళీ వేరు, సున్నా వేరు. మర్నాడు తెరవగానే అన్నిటికన్నా ముందు ఒక్క ప్రశ్న పెట్టండి: "నిన్న రాయకపోతే ఎందుకు?" మరిచిపోయా, ఊళ్ళో లేను, నొప్పి వల్ల. మూడే జవాబులు.

కంటిమెరుపు
నేను మా ఆయనకి ఆ పని అప్పజెప్పా. వంటింటి కేలండర్‌లో ఆ తేదీ మీద పెన్నుతో ఒక అడ్డగీత గీస్తారు, అంతే. కోలుకున్నాక దాన్ని చూసి నేను షీట్‌లో ఎక్కిస్తా.

తాటిబెల్లం
మా ఇంట్లో అత్తగారు గీస్తారు, ఆవిడకి ఆ కేలండర్‌లో తిథులు చూసే అలవాటు ఎలాగూ ఉంది. ఇవాళే అడుగుతా.